పచ్చసొన

ఆ రోజు ఐదో గుడ్డు కోసం శంకరమ్మ అత్వెల్లి సగం ఊరు తిరగాల్సి వచ్చింది.

ఇంట్లో పన్నెండు పెట్టలున్నాయి. వాటికి బుద్ధి పుడితే రోజుకు ఐదు గుడ్లు, లేకుంటే నాలుగు. నాలుగుతో పని జరగదు. షామీర్‌పేట దర్గా ఉర్సులో కుస్తీ పట్టే దాకా, నలభై రోజులు, రోజూ తెల్లారకముందే ఐదు పచ్చి గుడ్లు పాలలో కొట్టుకుని తాగాలని మేడ్చల్ తాలీంఖానాలో కుస్తీ నేర్పే ఉస్తాద్ అమీర్ అలీ ఆమె కొడుకు పర్వతాలుకు కట్టడి చేశాడు. ఇరవై ఏడు రోజులు ఒక్క గుడ్డు తగ్గకుండా ఆమె పోసింది. ఇంకా పదమూడు రోజులుంది. తక్కువ పడ్డ రోజు పక్కింటి జహేదాకు ఒక చాటో తట్టో ఇచ్చి గుడ్డు తెచ్చుకునేది. మేదరి ఇల్లు, బుట్టలకేం కరువు లేదు. కానీ ఆ రోజు జహేదా కోళ్లు కూడా మొండికేశాయి. చివరికి ఊరి చివర సత్తయ్య పెండ్లాం ఒక గుడ్డు ఇచ్చింది, అదీ కొత్త గంప అల్లి ఇస్తానని మాటిస్తేనే.

పొద్దు కుంకుతుండగా ఇంటికొచ్చి, ఐదు గుడ్లనూ ఊక పోసిన చిన్న తట్టలో పేర్చి, తట్టను గడప పక్కన దించి, కాళ్లు కడుక్కోవడానికి గోలెం దగ్గరికి పోయింది. అప్పుడే కోడలు సుక్కమ్మ బావి నుంచి కడవ చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమెకు ఐదో నెల. కడుపు ఇప్పుడిప్పుడే చీర మడతల కింద తెలుస్తోంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, పాదం చాపి నేలను తడిమి, ఆ తర్వాతే బరువు వేస్తూ నడుస్తోంది. శంకరమ్మ "ఆగు" అనేలోపే ఆ పాదం సరిగ్గా తట్ట మీద పడింది.

"కండ్లు యాడ వెట్టుకున్నవే!" శంకరమ్మ తడికాళ్లతోనే ఉరికింది.

సుక్కమ్మ కడవ దించి మోకాళ్ల మీద కూలబడింది. ఊకలో చేతులు పెట్టి వెతుకుతోంది. పెంకుల్లో, జారిపోతున్న సొనలో ఆమె వేళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పక్కనే దొర్లిపడిన మంచి గుడ్డు మాత్రం ఆమె చేతికి తగలలేదు.

"సూడలే అత్తా."

"సూడలేదా? గింత తట్ట గనవడ్తలేదా నీకు? పొద్దుగాల సూదిల దారమెక్కిస్తవ్, పొద్దూకంగనే తట్ట గనవడదా?"

మూడు పగిలాయి. రెండు మిగిలాయి. మర్నాడు పర్వతాలు లోటాలో ఏం పొయ్యాలి? శంకరమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోడలి మీద ఆమెకు ఈ నెల రోజులుగా ఒక అనుమానం ఉంది. తెల్లారితే ఆ పిల్ల చకచకా పని చేస్తుంది. వాకిలి ఊడ్చి, వెదుర్లు నానేసి, రొట్టెలు కాల్చి, పొద్దు ఎక్కేసరికి ఒక గంప అడుగు అల్లేస్తుంది. పొద్దు వాలిందంటే చాలు, గోడకు చేరగిలబడి కూర్చుంటుంది. "పిండి అందియ్యి" అంటే అందియ్యదు. "బయట బట్టలు తియ్యి" అంటే, "పొద్దుగాల తీస్త అత్తా" అంటుంది. యుద్ధం వచ్చిన కాడినుంచి గ్యాస్‌నూనె దొరకడమే గగనమైంది, దీపం వెలిగేది అన్నాలు తినేటప్పుడు మాత్రమే. ఆ గుడ్డివెలుగులో ఎవరి మొహం ఎవరు చూస్తారు? కడుపుతో ఉన్న పిల్ల, గారాలు పోతోందని శంకరమ్మ అనుకుంది. వాడలో ఇద్దరు ముగ్గురితో అన్నది కూడా: "నా కోడలు పగటికి బంగారం, పొద్దూకితే పనిదొంగ."

మర్నాడు పర్వతాలుకు రెండు గుడ్లే దక్కాయి. అతను లోటా ఎత్తి గడగడా తాగి, మూతి తుడుచుకుని, "తట్ట మీద ఎవరు వడ్డరమ్మా, పిల్లినా?" అని నవ్వి, తాలీంకు పోయాడు. శంకరమ్మకు నవ్వు రాలేదు.

*

తెల్లారితే మేడ్చల్ అంగడి. పది గంపలు తీసుకుపోవాలి, ఎనిమిదే అయ్యాయి. చింతచెట్టు నీడ వాకిలంతా పరుచుకునేసరికి ఇంకా రెండు వెదుర్లు చీల్చాల్సి ఉంది.

"పొద్దుగాల కోడికూతకు లేసి చీలుస్త అత్తా," అంది సుక్కమ్మ.

"కోడికూతకు లేస్తే అల్లెడిదెప్పుడు, అంగడికి వొయ్యెడిదెప్పుడు? కూసో."

సుక్కమ్మ కూర్చుంది. వెదురును రెండు పాదాల మధ్య ఇరికించుకుని, కొసన కత్తి ఆనించి, కట్టెతో రెండు దెబ్బలు కొట్టింది. వెదురు టప్పున నోరు తెరిచింది. ఆ పిల్లకు చేతి పని బాగా వచ్చు. కత్తి ముందుకు పోతుంటే ఎడమచెయ్యి బద్దను పట్టుకుని వెనకే నడుస్తుంది. పట్టపగలైతే మాట్లాడుకుంటూ, ఇటు చూడకుండానే చీలుస్తుంది. కానీ కణుపు వచ్చిన చోట కత్తి ఆగుతుంది, అక్కడ కన్ను కావాలి. శంకరమ్మ తన గంప అంచు కడుతూ ఆ చప్పుడు వింటోంది. టక్, సర్ర్, టక్, సర్ర్. మూడో కణుపు దగ్గర చప్పుడు మారింది.

సుక్కమ్మ అరవలేదు. "అత్తా" అని మాత్రం అంది.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెగింది. రక్తం మోచేతి దాకా కారుతోంది. శంకరమ్మ చేతికందిన పాత చీర పీలిక తీసి కోడలి ముందుకు విసిరింది. "అద్దుకో, గట్టిగ అద్దుకో, పసుపు తెస్త." లోపలికి పోయి పసుపు డబ్బాతో వచ్చేసరికి పీలిక పడ్డచోటే పడి ఉంది. సుక్కమ్మ మోకాలికి జానెడు దూరంలో, తెల్లగా. ఆ పిల్ల కుడిచెయ్యి మాత్రం రెండో పక్కన మట్టిలో తడుముతోంది.

శంకరమ్మ నిలబడిపోయింది. తర్వాత మెల్లగా దగ్గరికి వచ్చి, పసుపు అంటిన చేతిని కోడలి మొహం ముందు, ముక్కుకు రెండు జానల దూరంలో చాపింది. సుక్కమ్మ కళ్లు తెరుచుకునే ఉన్నాయి, రెప్పలు కొట్టుకుంటున్నాయి. కానీ చూపు ఆ చేతి మీద నిలవలేదు. ఆకాశంలో ఇంకా ఎర్రటి వెలుగుంది. చింతచెట్టు కింద మేస్తున్న మేకను శంకరమ్మ ముసలి కళ్లే చూస్తున్నాయి.

"సుక్కీ. నా చెయ్యి గనవడ్తుందా?"

ఆ పిల్ల తెగిన చేతిని గుండెకు అదుముకుంది.

"ఎప్పటిసంది బిడ్డా?"

"బోనాల పండుగ కాంచి," అంది సుక్కమ్మ. "పొద్దుగాల అంత మంచిగనే గనవడ్తది అత్తా. పొద్దూకిందంటే గోనెసంచి కప్పినట్టైతది. బాయికాడ్నుంచి ఇంటిదాక అడుగులు లెక్క వెట్టుకున్న. గోడ వట్టుకోని వస్త. నిన్న నువ్వు తట్ట ఆడ వెడ్తవని తెల్వదు."

"నోరు లేదానే నీకు? ఎందుకు సెప్పలే?"

"గుడ్డిదని మా అమ్మగారింటికి తోలుతరని."

శంకరమ్మ ఆ తెగిన చేతిని తన ఒళ్లోకి లాక్కుని పసుపు అద్దింది. నెల రోజులుగా ఈ పిల్ల చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ నీళ్లు మోస్తుంటే, తాను పనిదొంగ అని ఊరంతా చాటింది. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలి?

చప్పుడు విని జహేదా గోడ మీదుగా తొంగిచూసి, చుట్టు తిరిగి వచ్చింది. చెయ్యి చూసింది. కళ్లు చూసింది. "శంకరక్కా, ఇది రేచీకటి. మా అమ్మకు అయ్యింది, మా తమ్ముడు కడుపుల ఉన్నప్పుడు. దయ్యం గాదు, గాలి గాదు. రేపు మేడ్చల్ వోతరు గదా, దవఖాన్ల సూపియ్యి. చెయ్యికి గూడ కుట్లు వడ్తయ్," అని చెప్పి, తన ఓణీ కొస చించి కట్టు కట్టింది.

*

మేడ్చల్ దవఖానా స్టేషన్‌కు పోయే దారిలో ఉంది. గంపలు అంగడిలో తెలిసినవాళ్ల దగ్గర దించి, అత్తాకోడళ్లిద్దరూ పోయి ఆడవాళ్ల బల్ల మీద కూర్చున్నారు. డాక్టర్ షఫీయుద్దీన్ నెరిసిన గడ్డపు మనిషి. మాటలో కరుకు ఉంది కానీ చెయ్యి మెత్తన. సుక్కమ్మ చేతికి మూడు కుట్లు వేసి, కింది రెప్ప లాగి చూసి, వెలుతురు వైపు తిప్పి మళ్లీ చూశాడు.

"ఏం తింటది ఇంట్ల?"

"జొన్నరొట్టె, గటక సాబ్. మిరపకాయ తొక్కు. ఉన్ననాడు పప్పు."

"ఆకుకూర? పాలు?"

"పాలు కొడుక్కు సాబ్. కుస్తీ వడ్తడు."

"కోళ్లు ఉన్నయా?"

"పన్నెండు పెట్టలున్నయి."

"గుడ్లు ఎవరు తింటరు?"

శంకరమ్మ కోడలి వైపు తిరిగింది. సుక్కమ్మ తల వంచుకుని కట్టు కట్టిన చెయ్యి వైపు చూస్తోంది. డాక్టర్ కలం పక్కన పెట్టాడు. ఈ జవాబు ఆయనకు కొత్త కానట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"చేపనూనె ఇద్దునమ్మా, లడాయి వచ్చినంక సీసాలు వస్తలేవు. అందుకని మందు నీ ఇంట్లనే ఉన్నది. రోజుకు రెండు గుడ్లు, ఉడకవెట్టి, పచ్చసొన వదలకుంట తినాలె. మునగాకు, తోటకూర దొరికినంత. పది పదిహేను రోజులల్ల ఫరక్ గనవడ్తది."

"వేడి గదా సాబ్? కడుపుతోటి ఉన్నది. గుడ్డు తింటే కడుపు నిలవదంటరు."

"ఎవరంటరు?"

"అందరంటరు."

"మా ఇంట్ల ఐదుగురు పుట్టిండ్రు. మా ఆవిడె ఐదు కాన్పులల్ల రోజూ తిన్నది. లోపల బిడ్డ ఎముక వోసుకుంటాంది, రక్తం వోసుకుంటాంది, అవన్ని ఈ పిల్ల ఒంట్లకెల్లి గుంజుకుంటాంది. ఈమెకు మిగిలిందేంది? కండ్లకు కావల్సింది కూడ బిడ్డకే వోయింది. రోజూ గుడ్డు తింటే ఏం గాదమ్మా. తినకుంటనే అయ్యింది. ఇట్లనే ఇడిసిపెడ్తే కన్ను ఎండి, రేపు పగలు కూడ గనవడదు."

శంకరమ్మ అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగేసింది. "మరి కొడుక్కు తక్కువైతే? పదకొండు రోజులల్ల కుస్తీ ఉన్నది సాబ్. ఉస్తాద్ ఐదు పచ్చివి తాగుమన్నడు."

డాక్టర్ మొదటిసారి నవ్వాడు. "పచ్చివి తాగితే సగం ఒంటికి వట్టవు. మూడు ఉడకవెట్టి తినుమను, సాలు. ఐదు మింగితే మనిషి పులి గాడు."

తిరుగుదారిలో అత్వెల్లి పొలాల గట్టు మీద శంకరమ్మ ముందు, సుక్కమ్మ వెనక. పన్నెండు పెట్టలకూ గింజలు చల్లేది, గంపల కింద మూసేది, పిల్లి రాకుండా చూసేది సుక్కమ్మే. పెండ్లయ్యి వచ్చిన రెండేండ్లలో ఆ పిల్ల ఈ ఇంట్లో ఒక్క గుడ్డు తినడం తాను చూసిందా? శంకరమ్మకు జ్ఞాపకం రాలేదు.

*

మర్నాడు పొద్దున పర్వతాలు లోటాలో మూడు గుడ్లే పడ్డాయి. తక్కువ కనపడకుండా శంకరమ్మ పాలు ఇంకొంచెం పోసి, బెల్లం ముక్క కలిపింది. కొడుక్కు చెబుదామనుకుంది. కానీ అతను కసరత్తు చేసి, భుజాల మీద చెమట మెరుస్తుంటే, "ఈసారి అలియాబాద్ ఇబ్రహీంను మట్టి కరిపిస్తనమ్మా. గెల్చిన వెండి కడెం నీ చేతుల వెడ్త" అన్నాడు. వాళ్ల నాయిన ముత్తయ్య అదే షామీర్‌పేట ఉర్సులో వెల్లకిలా పడి, ఆ మాట చచ్చేదాకా మర్చిపోలేదు. శంకరమ్మ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. అతను కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగి పోయాడు.

అతను పోయాక ఉడికించిన రెండు గుడ్లు ఒలిచి కోడలి ముందు పెట్టింది.

"వద్దత్తా. ఆయనకు తక్కువైతది."

"తిను."

"ఉస్తాద్‌కు తెలిస్తే..."

"ఉస్తాద్ నీ కండ్లతోని సూస్తడానే? తిను."

సుక్కమ్మ గుడ్డును రెండు వేళ్లతో పట్టుకుని, ఎక్కడ కొరకాలో తెలియనట్టు తిప్పి చూసింది. "మా అమ్మగారింట్ల దారంతోని కోసేటోళ్లత్తా. ఒక్క గుడ్డు ఆరుగురికి. అన్నలకు సొన వచ్చేది, నాకు తెల్లది," అంది. ఆ తర్వాత కొరికింది. ముందు భయంభయంగా, తర్వాత మెల్లగా. పచ్చసొన పొడి పెదవికి అంటుకుంటే నాలుకతో తీసుకుంది. శంకరమ్మ ఎదురుగా కూర్చుని, రెండోది అయ్యేదాకా లేవలేదు. ఆ రోజంతా ఆమె కళ్లు కోడలి కడుపు మీదే ఉన్నాయి. పిల్ల నడుం పట్టుకుంటే లేచి నిలబడింది, చెంబు తీసుకుని పెరట్లోకి పోతే వెనకే పోయింది. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు.

నాలుగో రోజు అమీర్ అలీ ఇంటికే వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, చెవులు చితికి కాలీఫ్లవర్ పువ్వుల్లా ఉంటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని, శిష్యుడి భుజం పశువు మూపు తడిమినట్టు తడిమాడు. "కైసా అమ్మా, ఐదు గుడ్లు బరాబర్ పోస్తున్నవ్ గదా?"

"పోస్తున్న ఉస్తాద్ సాబ్. ఐదే."

ఆ అబద్ధం చెప్పేటప్పుడు శంకరమ్మ గంప అంచు వైపు చూసింది. పర్వతాలు ఆమె వైపు చూశాడు.

ఏడో రోజు రాత్రి పర్వతాలు మెడ ఒక పక్కకు వంచుకుని, కాలు ఈడుస్తూ వచ్చాడు. తాలీంలో జంగయ్య ఎత్తి పడేశాడట. "కాళ్లల్ల సత్తువ లేదమ్మా ఇయ్యాల," అని గోడకు ఒరిగాడు. శంకరమ్మ ఆముదం వెచ్చచేసి మెడకు రాసింది. తానే చేసింది. తానే కొడుకు నోటి దగ్గర కూడు తీసింది. నాలుగు రోజుల్లో వాడు ఉర్సులో వాళ్ల నాయినలా వెల్లకిలా పడితే, జనం నవ్వితే?

మర్నాడు తెల్లవారి ఐదు గుడ్లూ లోటాలోనే పోసింది.

సుక్కమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. గుడ్లు ఉడకేసే చిన్న కుండ బోర్లించి ఉండడం చూసింది. నిన్నటి గటకలో మజ్జిగ పోసుకుని, మునగాకు తాలింపు నంజుకుని తాగి, వెదుర్ల దగ్గరికి పోయి కూర్చుంది. "ఎందుకు వెట్టలేదత్తా" అని ఒక్కసారి అడిగినా శంకరమ్మ తిట్టి తేలికపడేది. ఆ పిల్ల అడగలేదు. రోజంతా కుట్లు పడ్డ చేతిని ఎడంగా పెట్టుకుని, మిగిలిన వేళ్లతో బద్దలు తోముతూనే ఉంది.

పొద్దు కుంకింది. కోళ్లను మూసే వేళ. శంకరమ్మ ఒక్కొక్కదాన్నే పట్టి గంప కిందికి తోస్తోంది. పదకొండు. పన్నెండోది కనపడలేదు. వంగి అటూ ఇటూ చూస్తుంటే, గోడ దగ్గరి నుంచి సుక్కమ్మ గొంతు వినపడింది.

"అత్తా, గా వెదురుకట్ట మీద తెల్లగ ఏందో కదుల్తాంది. కోడేనా?"

తెల్లపెట్ట. వెదురుకట్ట కొసన ముడుచుకుని కూర్చుంది. సుక్కమ్మ కూర్చున్న చోటికి పది పన్నెండు అడుగులుంటుంది.

"నీకు గనవడ్డదా?"

"మబ్బు మబ్బుగ గనవడ్తాంది. నిన్నగూడ నీ చీర అంచు గనవడ్డది. అంటే నవ్వుతవని అనలే."

శంకరమ్మ కోడిని పట్టలేదు. అక్కడే, రెట్టల మధ్య నేల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూపు తిరిగివస్తున్న రోజునే తాను ఆ పిల్ల నోటి ముందు నుంచి గుడ్డు తీసేసింది.

*

పర్వతాలు తాలీంకు పోలేదు, మెడ నొప్పితో మంచం మీద ఉన్నాడు. తల్లి ఏడుపు విని లేచి వచ్చాడు. శంకరమ్మ అంతా చెప్పేసింది. రేచీకటి, దవఖానా, ఏడు రోజులుగా మూడు గుడ్లు, ఉస్తాద్‌తో అబద్ధం, పొద్దున మళ్లీ ఐదు. చెప్పి, దెబ్బ కోసం ఎదురుచూసేదానిలా తల వంచుకుంది.

పర్వతాలు తల్లి పక్కన చతికిలబడ్డాడు.

"మూడే పోస్తున్నవని నాకు తెలుసు," అన్నాడు.

శంకరమ్మ తలెత్తింది.

"ముప్పై రోజుల కాంచి ఐదు మింగుతున్న గొంతమ్మా. మూడైతే తెల్వదా? మీద బెల్లమొకటి."

"మరెందుకు అడగలే కొడుకా?"

"నువ్వు తింటున్నవనుకున్న." అతను నేల మీది కోడి ఈకను తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "మా అమ్మ ఇన్నేండ్లకు రెండు గుడ్లు తన నోట్ల వేసుకుంటాంది, అడిగితే సిగ్గువడి ఇడిసిపెడ్తదని అడగలే. ఉస్తాద్ ముంగట నువ్వు ఐదే అంటే నాకు నవ్వొచ్చింది. మంచిగైందనుకున్న."

పర్వతాలు గోడ దగ్గరున్న భార్య వైపు తిరిగాడు. ఎదురుగా పోయి కూర్చున్నాడు. ఆమె చూపు అతని మొహాన్ని వెతుక్కుంటూ వచ్చి, కొంచెం పక్కగా ఆగింది. ఆ పక్కకు ఆగడం చూసి ఆ బలమైన మనిషి మొహం చిన్నబోయింది.

"నాకన్న చెప్పొద్దా?"

"మీరు పొద్దూకంగనే మళ్ల తాలీంకు వోతరు. వచ్చెటాళ్లకు దీపం ఆరిపోతది," అంది సుక్కమ్మ. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు ఐదు గుడ్లూ ఒకే కుండలో ఉడికాయి. మూడు పర్వతాలువి, రెండు సుక్కమ్మవి. డాక్టర్ ఉడికినవే ఒంటికి పడతాయన్నాడని తల్లి చెబితే, "ఉస్తాద్ ఇంటే తల గొరిగిస్తడు" అంటూనే తిన్నాడు. సుక్కమ్మ రెండోది సగానికి విరిచి, సగం అత్త చేతిలో పెట్టింది. శంకరమ్మ వద్దన్నది. ఇద్దరూ ఆమె వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి నోట్లో వేసుకుంది. పచ్చసొన అంగిట్లో కమ్మగా కరిగింది. ఆ రుచి ఆమెకు పూర్తిగా కొత్తగా అనిపించింది.

*

ఉర్సు రోజున గౌరయ్య ఎడ్లబండిలో అందరూ షామీర్‌పేటకు పోయారు. అత్తాకోడళ్లు చెరువు గట్టు కింద గంపలూ చాటలూ పరిచి అమ్ముతుంటే, అవతల గుంపులో డప్పు మోగుతోంది. ఆడవాళ్లు అటు పోరు. శంకరమ్మకు చప్పుడే ఆధారం. డప్పు వేగం పెరిగితే ఆమె చేతిలో చాట ఆగిపోయేది. జనం హోరెత్తితే పక్కనున్న కోడలి మోకాలు పట్టుకునేది. పొద్దు చెరువు మీదికి వాలేదాకా పట్టు సాగింది. ఆ తర్వాత డప్పు ఒక్కసారి ఆగింది.

అటు నుంచి వస్తున్న ఒకతను చెప్పాడు. "ఎవ్వల వీపూ మట్టికి తాకలే అమ్మా. కుస్తీ బరాబర్ అన్నరు."

గెలవలేదు, ఓడలేదు. వెండి కడెం ఎవరికీ ఇవ్వలేదు. బండి మేడ్చల్ దారి పట్టేసరికి మసక పడింది. అమీర్ అలీ కూడా అదే బండిలో, గౌరయ్య పక్కన, ముందు కూర్చున్నాడు. చాలాసేపు పళ్లు నూరుకున్నాడు.

"రెండుసార్లు కిందికి తెచ్చినవ్. రెండుసార్లు ఇడిసినవ్," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఐదు గుడ్లు తిన్న బలం యాడికి వోయింది?"

"ఎడమ చెవు కింద రక్తం కారుతాంది మీకు," అంది సుక్కమ్మ భర్తతో మెల్లగా. తన కొంగు కొసతో సరిగ్గా ఆ చోటే అద్దింది.

శంకరమ్మ ఆ చెయ్యిని చూసింది. వెలుతురు ఎంతుందో చూసింది. అప్పుడిక ఆమెకు భయం వెయ్యలేదు.

"ఐదు గాదు ఉస్తాద్ సాబ్. మూడే. నేను మీకు అబద్ధం చెప్పిన. రెండు కోడలికి పెట్టిన."

అమీర్ అలీ గిర్రున తిరిగాడు. "క్యా? కుస్తీకి తయారైతున్నోని ఖురాక్ ఆడపిల్లకు పెట్టినవా?"

"కడుపుతో ఉన్నది. రేచీకటి వచ్చింది. పొద్దూకితే చేతికింద ఉన్నది గూడ గనవడకుండె. నేను పనిదొంగ అనుకోని నెలరోజులు తిట్టిన. చెయ్యి తెగి రక్తం వోయినంక సమజైంది. దవఖాన్ల డాక్టర్ గుడ్లు పెట్టుమన్నడు, పెట్టిన. ఇప్పుడు జర గనవడ్తాంది. మీరేమన్న అనుండ్రి, రేపు గూడ పెడ్త."

పర్వతాలు తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఉస్తాద్ ఇంకేదో అనబోయి, ఆగి, ముందుకు తిరిగాడు. బండి చాలా దూరం పోయింది. పాపం పర్వతాలును తాలీం నుంచి వెళ్లగొడతాడేమోనని గౌరయ్య ఉస్తాద్ వైపు ఓరగా చూస్తున్నాడు. మేడ్చల్ ఇండ్లు దగ్గరపడ్డాక అమీర్ అలీ గొంతు సవరించుకున్నాడు.

"శంకరమ్మా. మా చిన్నకోడలు సైదా ఉన్నది. ఆరో నెల." అతను మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు ఆగి ఆగి మాట్లాడాడు. "పొద్దూకి మగ్రిబ్ అజాన్ అయ్యిందంటే మంచం దిగది. కామ్‌చోర్, పనిదొంగ అని మా ఇంటావిడె రోజూ తిడ్తది. మొన్న రాత్రి తినెటప్పుడు దస్తర్‌ఖాన్ మీద సాల్నా గిన్నె ఒలకవోసింది. మా కొడుకు చెయ్యి చేసుకున్నడు. నేను ఆడనే కూసున్న. రోటీ తింటున్న. వద్దనలే."

ఆ ఇంట్లో కూడా కొడుకు పైల్వానే, కోళ్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి బండిలో అందరికీ తెలుసు.

"ఆ డాక్టర్ పర్దాల ఉన్నోళ్లను సూస్తడా?"

"సూస్తడు. ఆడోళ్లకు వేరే అర్ర ఉన్నది. నేను తోడొస్త," అంది శంకరమ్మ. "పొద్దుగాల మీ ఇంటికొచ్చి తోల్కపోత."

మసీదు సందు దగ్గర బండి ఆగింది. అమీర్ అలీ దిగి, బండి చక్రం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నలభై మంది శిష్యులను కనుసైగతో లేపి కూర్చోబెట్టే మనిషి, ఏమడగాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"జల్దీ రా అమ్మా," అన్నాడు.

తాలీంఖానాకు పోయే దారి వదిలేసి, ఇంటి వైపు నడిచాడు.